వానకు ముందు రావలసిన రూపాయి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల రోడ్లు ఎందుకు నిలవడం లేదు

క్లుప్తంగా

ఈ రెండు జిల్లాల రోడ్లను దెబ్బతీస్తున్నవి పైకి మూడు: నిలిచిన నీరు, మోయలేనంత బరువు, పొంగి కుంగే నేల. ఈ మూడింటినీ తట్టుకునే పద్ధతులు ఇంజినీర్లకు తెలియనివి కావు. అయినా ఏటా అవే చోట్ల అవే గుంతలు తేలుతున్నాయంటే, మరమ్మతుకు డబ్బు చేరే నెలకూ ఇక్కడ వాన కురిసే నెలకూ పొంతన లేకపోవడమే అసలు కారణం. ఒకే లారీ నడిచే దారి నాలుగు యంత్రాంగాల మధ్య చీలి ఉండటం, సరుకు ఏ దారిన పోవాలన్న ఆలోచన రోడ్డు పనులతో ముడిపడకపోవడం ఈ ఇబ్బందిని రెట్టింపు చేస్తున్నాయి.

ఏటా అదే ప్రశ్న

నెల్లూరు జిల్లాలో డిసెంబరు వచ్చిందంటే రోడ్ల మీద చర్చ మొదలవుతుంది. వేసవిలో నల్లగా నిగనిగలాడిన తారు, సంక్రాంతికి ఊరొచ్చేవారికి గతుకుల బాటగా ఎదురవుతుంది. చర్చ సాధారణంగా రెండు వాదాల మధ్యనే తిరుగుతుంది: కాంట్రాక్టరు నాసిరకం పని చేశాడని ఒకటి, ప్రభుత్వం నిధులు ఇవ్వలేదని ఇంకొకటి. రెండింటిలోనూ చాలాచోట్ల నిజముంది. అయితే నిజాయితీగా పనిచేసిన కాంట్రాక్టరు, సరిపడా నిధులతో వేసిన రోడ్డు కూడా ఈ తీరంలో గడువుకు ముందే ఎందుకు చెడిపోతుందో ఆ రెండు వాదాలూ చెప్పలేవు. దానికి ముందు రోడ్డు లోపల ఏం జరుగుతుందో, ఆ తర్వాత కార్యాలయాల్లో ఏ నెలలో ఏం జరుగుతుందో చూడాలి.

గుంత ఎలా పుడుతుంది

తారు రోడ్డు పైకి ఒకే పలకలా కనిపించినా అది పొరల కట్టడం. అడుగున గట్టిపరచిన మట్టి, దాని మీద గ్రావెల్, ఆపైన కంకర, అన్నిటికీ పైన పలుచని తారు. చాలా గ్రామీణ రోడ్ల మీద ఈ తారు పొర మందం రెండు సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. బరువును నిజంగా మోసేవి అడుగు పొరలు. తారు చేసే ముఖ్యమైన పని వాటిలోకి నీరు దిగకుండా కాపాడటం. పాత మిద్దెకు సున్నపు పూత ఎట్లాంటిదో రోడ్డుకు తారు అట్లాంటిది. పూత చెదిరిన మిద్దె ఎంత గట్టిదైనా ఒక్క వానకాలానికే ఉరవడం మొదలుపెట్టినట్టు, తారు బీటవారిన రోడ్డు ఎంత మందపు కంకర మీద ఉన్నా లోపల మెత్తబడుతుంది.

రోహిణి ఎండలకు పెళుసెక్కిన తారులో వెంట్రుకవాసి బీట పడుతుంది. మొదటి పెద్ద వానకు అందులోంచి నీరు కంకరలోకి జారుతుంది. దాని మీదుగా లారీ చక్రం వెళ్లినప్పుడు లోపల చిక్కిన నీరు ఒత్తిడికి పక్కలకు చిమ్ముతుంది, చక్రం దాటగానే తిరిగి లోపలికి పీల్చుకుంటుంది. చిమ్మిన ప్రతిసారీ కంకర సందుల్లోని సన్నని మట్టిని కొంత వెంటబెట్టుకుని పైకి తెస్తుంది. వాన వెలిసిన మర్నాడు బీటల చుట్టూ ఆరిన బురద మరక కనిపిస్తే లోపలి పొర ఖాళీ అవుతోందని అర్థం. ఇంకోవైపు నీరు తారుకూ రాయికీ మధ్య చేరి వాటి పట్టును విడగొడుతుంది. అప్పుడు ఒక రాయి లేస్తుంది, ఆ తర్వాత దాని పక్కది. వారం తిరిగేసరికి పళ్లెమంత గుంత తయారవుతుంది. అందులో నిలిచిన నీరు చుట్టుపక్కల కంకరను తడుపుతూ తర్వాతి గుంతకు దారి వేస్తుంది.

ఇటువంటి గుంతను పూడ్చడానికి సరైన పద్ధతి ఉంది. చెదిరిన భాగాన్ని గట్టి పొర తగిలేదాకా నలుచదరంగా కోయాలి, అంచులు నిట్టనిలువుగా ఉండాలి, లోపలి బురద తీసి ఆరబెట్టాలి, పలుచగా తారు పూత పూసి, కొత్త మిశ్రమాన్ని పొరలుగా వేసి, ఒక్కో పొరను దిమ్మిస చేయాలి. వానల మధ్య హడావిడిగా జరిగే ప్యాచ్ వర్క్‌లో ఈ మెట్లలో సగం ఎగిరిపోతాయి. చీపురుతో నీళ్లు పక్కకు ఊడ్చి, తడి గుంతలో మిశ్రమం పోసి, పార వీపుతో తట్టి ముందుకు సాగితే, అడుగున తడి అట్లాగే ఉండిపోయి పది రోజుల్లో ఆ ముద్ద మొత్తంగా ఊడి వస్తుంది. చల్లగా వాడే ఎమల్షన్ (నీటిలో సన్నని బొట్లుగా కలిపిన తారు) మిశ్రమాలు తడి రాయికి కొంతవరకు అతుక్కుంటాయి కనుక వానకాలపు తాత్కాలిక పూడికకు అవి నయం. వేడి తారును నిలిచిన నీటి మీద వేయడం మాత్రం డబ్బును నీళ్లలో పోయడమే.

తారు లేని మరమ్మతు ఒకటి ఉంది. దానికి దక్కవలసినంత గౌరవం దక్కడం లేదు. రోడ్డు మధ్య నుంచి అంచుకు మీటరుకు 2 నుంచి 2.5 సెంటీమీటర్ల వాటం ఉంటే వాననీరు నిలవకుండా జారిపోతుంది. అంచు దాటాక బెర్ము, అంటే తారు పక్కన ఉండే మట్టి పట్టీ, ఇంకాస్త ఎక్కువ వాటంతో ఆ నీటిని కాలువలోకి దించాలి. రెండు మూడేళ్లు పట్టించుకోకపోతే బెర్ము మీద గడ్డి పెరిగి, దుమ్ము పేరుకుని, అది తారు కంటే ఎత్తవుతుంది. అప్పుడు రోడ్డే కాలువ. ఆ మట్టిని చెక్కి, తూముల్లో పూడిక తీసి, సైడు కాలువ పారేటట్టు చేస్తే చాలు. ఖర్చంతా కూలీ, గ్రేడరు అద్దె మాత్రమే. కొత్త తారు పొర మీద పెట్టే ఖర్చుతో పోలిస్తే ఇది చాలా చిన్నది, రోడ్డు ఆయుష్షుకు చేసే మేలు చాలా పెద్దది.

నేల, పొలం, ఇంటి ముందు ర్యాంపు

ఒంగోలు, కందుకూరు చుట్టుపక్కల విస్తారంగా ఉన్న నల్లరేగడి తడిస్తే పొంగుతుంది, ఎండితే కుంచించుకుని బీటలు తీస్తుంది. రోడ్డు నడుమ భాగం తారు కింద దాదాపు ఒకే తేమతో ఉంటుంది కాబట్టి పెద్దగా కదలదు. అంచులు మాత్రం ఏటా పొంగుతూ కుంగుతూ ఉంటాయి. అందుకే ఈ నేలల్లో అంచుకు సమాంతరంగా, బారుగా పగుళ్లు తీస్తాయి. రోడ్డును ఆనుకుని జామాయిల్ తోట ఉంటే వేసవిలో వేర్లు నేలలోని తేమను లాగేసి ఆ కుంగుబాటును ఇంకా పెంచుతాయి. రేగడి పైపొరకు సున్నం కలిపి గట్టిపరచడం, దాని మీద నీరు జారే ఇసుక లేదా గ్రావెల్ పొర మందంగా వేయడం తెలిసిన మందులే. ఖర్చు తగ్గించడానికి అంచనాల్లో ఈ పొరలకే ముందుగా కోత పడితే, పైన ఎంత మంచి తారు వేసినా ఫలితం దక్కదు.

పెన్నా డెల్టా వైపు వస్తే కథ మారుతుంది. కోవూరు, విడవలూరు, ఇందుకూరుపేట మండలాల్లో రోడ్డు కట్టకు రెండు వైపులా వరి మడో రొయ్యల చెరువో ఉంటుంది. నెలల తరబడి పక్కన నీరు నిలిచి ఉంటే అది అడుగునుంచే కట్టలోకి పాకుతుంది; పైన గుంత కనబడకముందే కింద నేల మెత్తబడి ఉంటుంది. నాట్లకు ముందు దమ్ము చేసే ట్రాక్టర్లు ఇనుప చక్రాలతోనే ఒక మడి నుంచి ఇంకో మడికి రోడ్డు మీదుగా దాటుతుంటాయి. రోడ్డు బాగా నానిపోయి ఉండే వారాలూ ఇవే. చెరువులకు, పొలాలకు నీటి గొట్టాలు వేయడానికి తవ్విన అడ్డకోతలను మట్టితో కప్పి వదిలేస్తే అక్కడ ఏటా ఒక పల్లం తయారు.

ఊళ్ల మధ్యలో ఇబ్బంది ఇంకొకటి. ఇంటి ముందు ర్యాంపు కట్టుకునేటప్పుడు సైడు కాలువ మీద సిమెంటు పోసి కింద గొట్టం పెట్టకపోతే, ఆ ఒక్క ఇల్లు వీధి పొడవునా నీటిని ఆపుతుంది. ఇందులో రైతుదో ఇంటివారిదో తప్పని వేలెత్తి చూపడం తేలిక. ర్యాంపు కింద గొట్టం, ట్రాక్టరు దాటడానికి సిమెంటు పలక, గొట్టాలకు ముందే వేసి ఉంచిన అడ్డ తూము అంచనాలోనే ఉంటే ఆ తప్పు చేయవలసిన అవసరమే వారికి రాదు. నీళ్లు తప్పనిసరిగా నిలిచే ఊరి నడిబొడ్డున తారుకు బదులు సిమెంటు రోడ్డు వేయడం ఎక్కువ ఖర్చయినా నిలుస్తుంది.

బరువు లెక్క

అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో 1950ల చివర జరిపిన రోడ్డు పరీక్షల నుంచి ఒక సూత్రం ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది: రోడ్డుకు కలిగే నష్టం ఇరుసు బరువుకు సుమారు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. బరువు రెట్టింపయితే నష్టం పదహారు రెట్లవుతుంది. 0.7 టన్నుల బరువున్న కారు ఇరుసుతో 10.2 టన్నుల లారీ ఇరుసును పోలిస్తే, ఈ లెక్కన ఆ ఒక్క లారీ ఇరుసు చేసే చేటు 45 వేల కారు ఇరుసులకు సమానం. బైకులు, ఆటోలు, కార్లు ఎన్ని పెరిగినా అవి రోడ్డును ఇరుకు చేస్తాయే తప్ప అరగదీయవు. అరగదీసేవి బరువు బండ్లు.

వెనుక ఒంటి ఇరుసుకు చట్టం అనుమతించే బరువును కేంద్రం 2018 జులైలో 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. రవాణా ఖర్చు తగ్గడానికి అది ఉపకరించింది. పెరిగిన బరువు 13 శాతమే. నాలుగో ఘాతం లెక్కలో నష్టం మాత్రం సుమారు 60 శాతం ఎక్కువ. అంతకు ముందు లెక్కలతో కట్టిన రోడ్లన్నీ ఆ రోజు నుంచి అనుకున్నదానికంటే త్వరగా అరగడం మొదలైనట్టే. ఇక చట్టాన్ని మీరి ఇరుసు మీద 15 టన్నులు వేస్తే, 11.5 టన్నుల ఇరుసుతో పోల్చినా నష్టం దాదాపు మూడు రెట్లు.

ఈ లెక్క కళ్లకు కట్టేది చీమకుర్తి దగ్గర. అక్కడి రామతీర్థం, ఆర్.ఎల్.పురం క్వారీల్లో దొరికే గెలాక్సీ రాయి (నల్ల గ్రానైటు) ఘనపు మీటరుకు ఇంచుమించు మూడు టన్నులు తూగుతుంది. మూడు మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల ఎత్తున్న ఒక్క దిమ్మె అంటేనే 24 టన్నులు. ధాన్యం లారీలో పది బస్తాలు దించి బరువు తగ్గించవచ్చు. రాతి దిమ్మెను సగం దించడం కుదరదు. అందువల్ల ఇక్కడ అదుపు జరగవలసిన చోటు క్వారీలో కోత కోసే క్షణమే: ఏ లారీకి ఎన్ని ఇరుసులో చూసుకుని దిమ్మె కొలత నిర్ణయించాలి, గేటు దాటకముందే కాటా వేయాలి. లారీ ఒంగోలు చేరాక పట్టుకుంటే జరిమానా వస్తుంది గాని అప్పటికే అరిగిన ఇరవై చిల్లర కిలోమీటర్ల రోడ్డు తిరిగి రాదు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం అధిక బరువుకు 20 వేల రూపాయలు, దానిపైన అదనపు టన్నుకు 2 వేల రూపాయల చొప్పున జరిమానా పెట్టింది. శిక్ష చిన్నదేమీ కాదు, తూకం వేసే చోటు ఆలస్యంగా వస్తోంది. కోట, చిల్లకూరు వైపు సిలికా ఇసుక బండ్లకు, పెన్నా ఇసుక టిప్పర్లకు, ప్రకాశం మెట్ట నుంచి కదిలే సుబాబుల్, జామాయిల్ కర్ర లారీలకు ఇదే మాట వర్తిస్తుంది.

ఇందులో వెడల్పు సంగతి కూడా ఉంది. 3.75 మీటర్ల తారు ఉన్న గ్రామీణ రోడ్డు మీద టిప్పరుకు పల్లెవెలుగు బస్సు ఎదురైతే రెండూ చెరో చక్రాన్ని మట్టిలోకి దించక తప్పదు. దిగిన ప్రతిసారీ తారు అంచు కొంత విరుగుతుంది, బెర్ము గాడి పడుతుంది, ఆ గాడిలో నీరు నిలుస్తుంది. అంచు విరగడం మొదలైన రోడ్డు మూడు మీటర్లకు చిక్కిపోవడానికి ఎంతో కాలం పట్టదు.

ఒక లారీ, నలుగురు యజమానులు

క్వారీ నుంచి బయలుదేరిన రాతి లారీ మొదట పంచాయతీ రోడ్డు మీద, ఆపైన ఆర్ అండ్ బీ రోడ్డు మీద, కొంతదూరం పట్టణ వీధిలో, చివరికి 16వ నంబరు జాతీయ రహదారి మీద నడుస్తుంది. రోడ్డుకు నలుగురు యజమానులు, లారీ ఒక్కటే. జాతీయ రహదారి మీద టంగుటూరు, ముసునూరు, వెంకటాచలం గేట్ల దగ్గర అది టోలు కడుతుంది. వాహన పన్ను రాష్ట్ర ఖజానాకు చేరుతుంది. రాయి మీద సీనరేజిని, అంటే తవ్వి తీసిన ఖనిజానికి కట్టే రుసుమును, గనుల శాఖ వసూలు చేస్తుంది. అన్నిటికంటే పలుచని పొరలతో కట్టిన మొదటి మూడు నాలుగు కిలోమీటర్ల పంచాయతీ రోడ్డుకు మాత్రం ఆ లారీ నడకకు తగ్గట్టుగా ఏమీ రాదు. బలహీనమైన చోటే బరువు ఎక్కువ, రాబడి తక్కువ. అందుకే క్వారీ ఊళ్ల దారులు నిత్యం ధ్వంసమై ఉండి, జాతీయ రహదారి మాత్రం సాఫీగా సాగుతుంది. దీన్ని ఒక శాఖ శ్రద్ధకూ ఇంకో శాఖ అశ్రద్ధకూ గుర్తుగా చూడటం న్యాయం కాదు. డబ్బు పారే దారే అట్లా ఉంది.

గనుల ప్రభావిత ప్రాంతాల కోసం 2015 చట్ట సవరణతో జిల్లా ఖనిజ నిధి ఏర్పాటైంది. దాని నియమాల్లో రోడ్ల వంటి భౌతిక వసతులకూ కొంత భాగం ఖర్చు చేసే వీలుంది. ఆ భాగాన్ని కొత్త పనులకు పంచేయకుండా, లారీలు నడిచే మొదటి కిలోమీటర్ల నిర్వహణకు ఏటా కట్టి ఉంచితే ఈ అన్యాయం కొంత సరిదిద్దబడుతుంది.

క్యాలెండరు తప్పు

రాష్ట్రంలో చాలా జిల్లాలకు వానకాలమంటే జూన్ నుంచి సెప్టెంబరు. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే ఈశాన్య రుతుపవనాల వల్ల, వాయుగుండాల వల్ల కురుస్తుంది. ప్రకాశం తీరంలోనూ గండపు నెలలు అవే. చిత్త, స్వాతి, విశాఖ కార్తెల వాన రైతుకు ఎంత ముఖ్యమో రోడ్డుకు అంత పరీక్ష. ఈ ఒక్క తేడా మరమ్మతు పనుల వేళాపట్టికను పూర్తిగా మార్చాలి.

ప్రభుత్వ పని ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది. బడ్జెట్ విడుదల, పనుల ఎంపిక, అంచనాలు, పాలనా అనుమతి, టెండరు, ఒప్పందం అనే మెట్లన్నీ ఎక్కేసరికి సాధారణంగా వేసవి దాటిపోతుంది. పని చేతికొచ్చేది వానలు వెలిశాక అనే అంచనాతో ఈ మెట్లన్నీ అమరి ఉన్నాయి. నైరుతి వాన మీద ఆధారపడ్డ జిల్లాకు అది సరిపోతుంది. అక్టోబరులో ఒప్పందం కుదిరితే మంచి పొడి కాలం ముందుంటుంది. నెల్లూరుకు అదే అక్టోబరులో వాన మొదలు. రాష్ట్ర ప్రభుత్వం గుంతలు లేని రోడ్ల కార్యక్రమాన్ని 2024 నవంబరు 2న అనకాపల్లి జిల్లాలో ప్రారంభించింది. సంకల్పం మెచ్చదగినదే, రాష్ట్రానికంతటికీ కలిపి చూస్తే ఆ తేదీకి అర్థమూ ఉంది. నెల్లూరులో మాత్రం ఆ తేదీ నట్టనడి వానకాలం. ఇక్కడ తారు పనికి అనువైన రోజులు జనవరి చివరి నుంచి జూన్ దాకా. కాలువలు, తూములు, బెర్ముల పని ఆగస్టు, సెప్టెంబరుల్లో ముగియాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చేయదగ్గవి నిఘా, ఎమల్షన్ పూడిక, తెగిన చోట ఇసుక బస్తాలు.

ఇట్లా జరగాలంటే డబ్బు ఆ ఏడాది బడ్జెట్ మీద ఆధారపడకూడదు. ఫిబ్రవరిలో తారు వేయాలంటే డిసెంబరులోనే ఒప్పందం చేతిలో ఉండాలి, అంచనాలు వానల్లోనే, నీరు ఎక్కడ నిలుస్తోందో కళ్లతో చూసి రాసుకోవాలి. నిజానికి రోడ్డు లోపాలను గుర్తించడానికి నవంబరును మించిన నెల లేదు. గొడుగు పట్టుకుని నడిచిన ఇంజినీరుకు కనిపించేది వేసవిలో జీపులో తిరిగిన ఇంజినీరుకు కనిపించదు. అదే ఇంజినీరు మార్చి నెలాఖరున మిగిలిన నిధులను గడువులోపు ఖర్చు పెట్టే ఒత్తిడిలో ఉంటే, ఎక్కడ వీలైతే అక్కడ తారు పోయడం తప్ప ఎంపికకు తావుండదు.

ఈ వ్యత్యాసానికి 2021 నవంబరు పెద్ద ఉదాహరణ. అన్నమయ్య జలాశయం కట్ట తెగిన తర్వాతి రోజుల్లో పెన్నా వరద కోవూరు వైపు పొర్లి, పడుగుపాడు దగ్గర జాతీయ రహదారినీ విజయవాడ–చెన్నై రైలు మార్గాన్నీ ఒకేసారి స్తంభింపజేసింది. అంతటి వరదను ఏ గ్రామీణ కల్వర్టూ ఆపలేదు. కానీ దాని తర్వాత ప్రతి వాగు మీది లోలెవల్ చప్టానూ తిరిగి అదే కొలతతో కడితే అదే ఫలితం వస్తుంది. నీరు పోవడానికి దారి ఎంత కావాలో కొత్తగా లెక్కగట్టడం, చప్టాకు పైన కింద కోత పడకుండా రాతి కట్టడం చేయడం, వరద పొర్లినా తెగకుండా కొంత మేర సిమెంటుతో కప్పడం మరమ్మతులో భాగమే. 2022 సెప్టెంబరులో ప్రారంభమైన సంగం, నెల్లూరు బ్యారేజీల మీది వంతెనలతో పెన్నాను దాటడానికి అదనపు దారులు ఏర్పడ్డాయి. ఒక దారి తెగినప్పుడు ఇంకొకటి ఉండటం కూడా నిర్వహణ లెక్కలోకి రావలసిన విలువే.

మరమ్మతు కంటే కొత్త రోడ్డు ఎందుకు తేలిక

ప్రపంచ బ్యాంకు 1988లో 85 అభివృద్ధి చెందుతున్న దేశాల రోడ్లను పరిశీలించి, అంతకు ముందు రెండు దశాబ్దాల్లో 45 వందల కోట్ల డాలర్ల విలువైన రోడ్లు నిర్లక్ష్యం వల్ల నాశనమయ్యాయని, సకాలంలో 12 వందల కోట్ల డాలర్లు వెచ్చించి ఉంటే అది తప్పేదని లెక్కగట్టింది. దక్షిణాఫ్రికా జాతీయ రహదారుల సంస్థ అంచనా ప్రకారం మూడేళ్లు మరమ్మతు వాయిదా వేస్తే ఖర్చు ఆరు రెట్లు, ఐదేళ్లయితే పద్దెనిమిది రెట్లు అవుతుంది. రోడ్డు నాణ్యత నేరుగా ఒకే వాలున దిగదు. చాలా ఏళ్లు కాస్త కాస్తగా తగ్గి, ఒక మలుపు తర్వాత ఒక్కసారిగా కుప్పకూలుతుంది. ఆ మలుపుకు ముందు ఒక పలుచని పూత చాలు. తర్వాత అడుగు నుంచి తిరగదోడాలి.

ఇంత స్పష్టమైన లెక్క ఉండగా ప్రభుత్వాలు ఎందుకు వాయిదా వేస్తాయంటే, కారణం ఖాతాల్లో ఉంది. కొత్త రోడ్డు పెట్టుబడి వ్యయం. దానికి అప్పు పుడుతుంది, కేంద్ర పథకం తోడవుతుంది, శంకుస్థాపన ఉంటుంది. మరమ్మతు రెవెన్యూ వ్యయం. అది జీతాలు, పింఛన్లు, వడ్డీలు పోగా మిగిలిన దానిలోంచి రావాలి. ఆదాయం తగ్గిన ఏడాది కోత పడేది దానికే. బిల్లులు నెలల తరబడి ఆగితే కాంట్రాక్టర్లు టెండరు వేయడం మానుకుంటారు, వేసినవారు ఆలస్యానికి వడ్డీని ధరలో కలుపుకుంటారు. అందువల్ల అదే రూపాయికి వచ్చే పని కూడా తగ్గుతుంది.

ఇతర దేశాలు ఏం చేశాయి

ఆఫ్రికాలో పలు దేశాలు 1990ల్లో ఇంధనంపై సుంకంతో విడిగా రోడ్డు నిధులు పెట్టుకున్నాయి. ఘనా 1997లో చట్టం చేసి, ఇంధన సుంకం, టోలు, వాహన రుసుములను నేరుగా నిర్వహణకు మళ్లించింది. కొన్నేళ్లు పని నడిచింది. 2017లో ఇలాంటి ప్రత్యేక నిధులకు పరిమితి పెడుతూ వచ్చిన చట్టంతో అందులో భాగం సాధారణ ఖజానాకు మళ్లింది. మన కేంద్ర రోడ్డు నిధి కూడా 2000లో చట్టంగా వచ్చి, 2018లో రోడ్డుతోపాటు ఇతర మౌలిక వసతులకూ విస్తరించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో పెట్రోలు, డీజిలు మీద లీటరుకు ఒక రూపాయి రోడ్డు అభివృద్ధి సెస్సు వేసింది. సెస్సు వేయడం కష్టం కాదు; దాని తలుపు మరమ్మతుకు తప్ప ఇంకెవరికీ తెరుచుకోకుండా చూడటమే కష్టం.

అర్జెంటీనా 1990ల చివరలో ఇంకో దారి పట్టింది. ఒక రోడ్ల సమూహాన్ని ఐదేళ్లపాటు ఒకే కాంట్రాక్టరుకు అప్పగించి, పోసిన కంకర ఘనపు మీటర్లకు బదులు రోడ్డు ఉన్న స్థితికి డబ్బు చెల్లించింది. గుంత పడి నిర్ణీత గడువులో పూడ్చకపోతే చెల్లింపు తగ్గుతుంది. అప్పుడు కాలువ పూడిక తీయడం కాంట్రాక్టరుకే లాభం. మన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్లకు ఐదేళ్ల నిర్వహణ నిర్మాణ ఒప్పందంలోనే కలిసి ఉంటుంది, దాని చెల్లింపులు రోడ్డు పనితీరును బట్టి ఈ–మార్గ్ అనే ఆన్‌లైన్ విధానంలో సాగుతాయి. చిక్కంతా ఆరో ఏడు మొదలవుతుంది. ఆ రోజు నుంచి బాధ్యత రాష్ట్రానిది, రోడ్డు కూడా సరిగ్గా అప్పుడే ముసలిదనం వైపు తిరుగుతుంది.

కొలంబియా 1984 నుంచి, పెరూ 1990ల నుంచి రోడ్డు వెంట ఊళ్లలోని మనుషులతో చిన్న సంఘాలు కట్టించి, ఒక్కో సంఘానికి కొన్ని కిలోమీటర్ల కాలువలు, బెర్ములు, పొదలు అప్పగించాయి. మన దగ్గర ఇది పూర్తిగా కొత్త కాదు. ఒకప్పుడు ఆర్ అండ్ బీలో గ్యాంగు కూలీలు కొన్ని మైళ్లకు ఒక జట్టుగా పార, తట్ట పట్టుకుని ఏడాది పొడవునా తిరిగేవారు. తమ మైళ్లలో ఏ తూము ఎప్పుడు పూడుతుందో వారికి తెలుసు. ఆ జట్లు పదవీ విరమణలతో కరిగిపోయాక ఆ తెలివిడి ఏ రిజిస్టరులోనూ మిగల్లేదు. పొదుపు సంఘాలు ఇంత బలంగా ఉన్న ఈ జిల్లాల్లో, సెప్టెంబరు పనిని ఊరి సంఘాలకు కిలోమీటరు లెక్కన ఇవ్వడం అందుబాటులో ఉన్న మార్గాలన్నిటిలో చవకైనది.

రోడ్డు మీదికి రానవసరం లేని బరువు

రోడ్డును కాపాడే ఇంకో పద్ధతి బరువును దాని మీదికి రానివ్వకపోవడం. బకింగ్‌హాం కాలువలో పడవలు నడిచిన కాలంలో ఈ తీరపు ఉప్పు, ధాన్యం నీటి మీదే మద్రాసు చేరేవి. తుపాన్ల దెబ్బకు, పూడికకు ఆ దారి మూతబడింది. 2008లో దాన్ని నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చినా ఈ జిల్లాల పొడవునా సరుకు తిరిగి నీటి మీదికి రాలేదు. రైలు విషయంలో పరిస్థితి మెరుగు. 2019లో పూర్తయిన ఓబులవారిపల్లె–వెంకటాచలం మార్గం కృష్ణపట్నం ఓడరేవును రాయలసీమతో నేరుగా కలిపింది. అదే ఓడరేవు నుంచి నెల్లూరు, ఆత్మకూరు మీదుగా 67వ జాతీయ రహదారి పడమటికి సాగుతుంది. ఏ సరుకు రైలుకు, ఏది లారీకి అన్నది ధరతో, లోడింగు వసతితో తేలుతుంది. ఆ వసతి ఎక్కడ కట్టాలన్నది రోడ్డు శాఖలు కూడా కూర్చుని తేల్చవలసిన విషయం.

జనరవాణాకు కూడా ఇదే లంకె ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం అమలవుతోంది. రోడ్డు పాడై బస్సు ఆగిపోయిన ఊరికి ఆ ఉచితం అందదు. అక్కడి ఆడపిల్ల ఆటోకు డబ్బు పెట్టుకునే కాలేజీకి పోతుంది. ఏ రోడ్డు ముందు బాగుచేయాలన్న వరుసలో బస్సు ట్రిప్పులకు, 108 వాహనం వెళ్లే దారికి, బడి పిల్లల సంఖ్యకు మార్కులు వేసి, ఆ జాబితాను మండల కార్యాలయం గోడ మీద అంటిస్తే, సిఫారసు లేఖల బరువు దానంతట అదే తగ్గుతుంది.

రాబోయే పదేళ్లలో ఇక్కడి రోడ్ల మీద బరువు తగ్గే సూచనలు లేవు. గుడ్లూరు మండలంలో రామాయపట్నం ఓడరేవుకు 2022 జులైలో శంకుస్థాపన జరిగింది. దాని వెనుక పరిశ్రమలు వస్తాయి, వాటికి కందుకూరు, కావలి వైపు నుంచి రాయీ ఇసుకా మనుషులూ కదులుతారు. నిర్మాణ కాలంలో టిప్పర్లు నడిచేది కొత్తగా వేయబోయే నాలుగు వరుసల రోడ్డు మీద కాదు, ఇప్పుడున్న ఊరి రోడ్ల మీదే. మరోపక్క 309 కిలోమీటర్ల నడికుడి–శ్రీకాళహస్తి రైలు మార్గం దర్శి, పొదిలి, కనిగిరి, పామూరు, వింజమూరు, ఆత్మకూరు, రాపూరు, వెంకటగిరి మీదుగా మెట్ట ప్రాంతంలో చాలా ఊళ్లకు మొదటిసారి రైలును తెస్తోంది. గూడ్సు షెడ్లు పెట్టిన ప్రతి స్టేషనూ ఒక చిన్న ఓడరేవు లాంటిదే. క్వారీ రాయి, కర్ర, పొగాకు, కందులు దాని వైపు మళ్లుతాయి, ఇంతవరకు బండి కూడా సరిగా నడవని రోడ్డు మీద పన్నెండు చక్రాల లారీ వస్తుంది. ఆ షెడ్లకు చేరే చివరి ఐదారు కిలోమీటర్లు ఏ శాఖ చేతిలో ఉండాలో, ఏ ఇరుసు బరువుకు కట్టాలో, పక్కన కాలువ నీరు ఏ వాగులో కలవాలో ఇప్పుడే, మొదటి వ్యాగను రాకముందే తేల్చవలసి ఉంది.